ముహూర్తానికి ముందు అడగవలసినవి

(నెల్లూరులో ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న యువతీ యువకుల సమావేశంలో ఒక స్టూడియో యజమాని చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, ఈ వృత్తిలోకి రావాలనే ఉత్సాహంతో వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవారు "ఏ కెమెరా కొనాలో పిల్లలకు కాస్త చెప్పండి" అన్నారు. చెబుతాను, కాని దానికి పది నిమిషాలు చాలు. ఇరవయ్యేడేళ్ళుగా నేను పెళ్ళిళ్ళు తీస్తున్నాను. ఇన్నేళ్ళలో నాకు వచ్చిన నష్టాలను ఒకసారి కాగితం మీద వరుసగా రాసుకుని చూసుకుంటే, కెమెరా మూలంగా వచ్చినవి రెండో మూడో తేలాయి. మిగిలినవన్నీ ఎవరినో ఏదో ముందుగా అడగకపోవడం వల్ల వచ్చినవే. అందువల్ల ఈ రోజు నేను చెప్పబోయేదంతా పెళ్ళి ఒప్పుకున్నవాడు ఎవరిని, ఎప్పుడు, ఏమి అడగాలన్న దాని గురించే.

ముందుగా నా తప్పునే చెప్పుకుంటాను. 2009లో వైశాఖ మాసంలో, ఉదయగిరి దాటిన తరువాత ఒక పల్లెలో పెళ్ళి ఒప్పుకున్నాను. ముహూర్తం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు. ఫ్లాష్ లేకుండా ఉన్న వెలుతురులోనే తీస్తే ఫొటోకు సహజత్వం వస్తుందని అప్పుడే కొత్తగా తెలుసుకుని, ఆ మోజులో ఉన్న రోజులవి. వీడియో తీసేవారి హాలోజన్ లైటు ఉంది కదా అన్న ధీమాతో ఫ్లాష్‌ను సంచిలోనే ఉంచి, దాని సెల్లులు తీసి ఛార్జింగుకు పెట్టాను. ఊరిలో కరెంటు నిలకడగా ఉండదని పెళ్ళివారు జనరేటరు తెప్పించారు. పురోహితులు తెరసెల్ల దించమని సైగ చేశారు, గట్టిమేళం అందుకున్నారు, సరిగ్గా అప్పుడు జనరేటరులో డీజిలు అయిపోయింది. పందిరంతా చీకటి. మేళం ఆగలేదు, మంత్రం ఆగలేదు. నాలుగైదు సెల్‌ఫోన్ల వెలుగులో వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు, ఒకరినొకరు చూసుకున్నారు, అక్షతలు పడ్డాయి. నేను బటన్ నొక్కుతూనే ఉన్నాను గాని, కెమెరా లోపల చేరిందంతా నలుపు. లైట్లు వచ్చాక చేతులు మళ్ళీ తలల మీద పెట్టించి తీశాము. ఆల్బమ్ ఇచ్చిన రోజున పెళ్ళికూతురి తాతగారు పేజీలన్నీ నిదానంగా తిప్పి, కళ్ళజోడు తీసి, "ఫొటోలు బాగుండాయి నాయనా, పెళ్ళొక్కటే కనపళ్ళా" అన్నారు. ఆయన కోప్పడి ఉంటే నేను ఏదో ఒక సమాధానం చెప్పి ఉండేవాడిని. నాకు ఇంకా రావలసిన 12,000 రూపాయల సంగతి ఎత్తకుండా బయటికి వచ్చేశాను.

జనరేటరు నడిపే మనిషిని "అన్నా, ముహూర్తం ఫలానా వేళకు, దానికి అరగంట ముందే డీజిలు పోసేస్తావా?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ నష్టం లేదు. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఏ మండపానికి వెళ్ళినా నేను మొదట పలకరించేది పెళ్ళిపెద్దను కాదు, ఎలక్ట్రీషియన్‌ను. కరెంటు పోతే జనరేటరు ఎంతసేపటికి అందుకుంటుంది, వేదిక లైట్లు దానికి కలిపారా, పంఖాలకు మాత్రమే కలిపారా, వెనక ఎల్ఈడీ స్క్రీను ఏ లైను మీద ఉంది, ఇవన్నీ ఆయనతో టీ తాగుతూ కనుక్కుంటాను. ఫ్లాష్‌లో సెల్లులు ఎప్పుడూ ఉంటాయి, జేబులో ఇంకొక జత ఉంటుంది.

రెండవ మనిషి పురోహితులు. క్యాండిడ్ అనీ సినిమాటిక్ అనీ పేర్లు నేర్చుకున్న పిల్లలు కూడా పెళ్ళి తంతు ఏ వరుసలో సాగుతుందో అడిగితే తడబడుతున్నారు. గౌరీపూజ తరువాత ఏమిటి, మధుపర్కాలు ఎప్పుడు మారుస్తారు, కన్యాదానంలో తండ్రి వరుడి కాళ్ళు కడిగేటప్పుడు తల్లి ఏ పక్కన నిలబడి నీళ్ళు పోస్తుంది, ఇవి తెలియనివాడు ఎంత ఖరీదైన లెన్సు పట్టుకున్నా ఆ వేళకు వేదికకు తప్పు పక్కన ఉంటాడు. పైగా ఇంటింటికీ ఆచారం మారుతుంది. కొందరి ఇళ్ళలో తలంబ్రాలు ఎంతో సేపు ఆటలాగా సాగుతాయి, కొందరి ఇళ్ళలో మూడు దోసిళ్ళతో అయిపోతాయి. అందుచేత ముందు రోజు సాయంత్రమే పురోహితులకు నమస్కరించి, "అయ్యా, మీరు ఏ వైపు కూర్చుంటారు? తెరసెల్ల ఎవరు పట్టుకుంటారు? మంగళసూత్రం కట్టేటప్పుడు ఒక్క క్షణం మీరు కుడివైపుకు జరగగలరా?" అని అడగండి. సాటి ఫొటోగ్రాఫర్లు కొందరు పురోహితులు సహకరించరని ఫిర్యాదు చేస్తుంటారు. ముందుగా అడిగినప్పుడు సహకరించని పురోహితులు నాకు ఇంతవరకు తారసపడలేదు. మంత్రం మధ్యలో "స్వామీ, ఇటు చూడండి" అని కేక వేస్తే మాత్రం ఎవరికైనా కోపం వస్తుంది.

జీలకర్ర బెల్లం ఘట్టాన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పెళ్ళిళ్ళలో సుముహూర్తం అంటే అదే, మాంగల్యధారణ దాని తరువాత వచ్చేది. జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్దను తమలపాకులో పెట్టి ఇద్దరి చేతులకూ ఇస్తారు. తెర ఇంకా అడ్డంగానే ఉంటుంది. ఆ సమయంలో మీ చూపు చేతుల మీద కాదు, తెర పట్టుకున్నవారి మోచేతుల మీద ఉండాలి. మోచేయి వంగితే తెర దిగబోతున్నదని అర్థం. ఒకరు పెళ్ళికూతురు వైపు నుంచి వరుడి ముఖాన్ని, మరొకరు వరుడి వైపు నుంచి ఆమె ముఖాన్ని పట్టుకునేలా ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఎదురెదురుగా ఉండాలి. ఒక్కరే అయితే కాస్త పక్కగా జరిగి, లెన్సును 35 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి ఇద్దరూ పట్టేలా తీసుకోవడం మేలు. తెర దిగిన మరుక్షణమే అక్షతలు పడతాయి. ఆటోఫోకస్ గాలిలో ఎగిరే బియ్యపుగింజలను పట్టుకుని ముఖాలను మసకబారుస్తుంది. కాబట్టి తెర దిగీ దిగగానే ముఖం మీద ఫోకస్ పట్టి, దాన్ని అక్కడే లాక్ చేసి, ఆ తరువాత వరుసగా నొక్కాలి. ఇంకొక సంగతి, ఆ క్షణంలో బంధువులందరూ అక్షతలు వేయడానికి లేచి మీ ముందుకు వస్తారు. వారిని తోసే హక్కు మనకు లేదు, అది వారి పెళ్ళి. ఇంటి మనిషి ఒకరిని ముందే అడిగి పెట్టుకుంటే ఆయనే ఆ గుంపును రెండు పక్కలకు జరుపుతాడు.

వెలుతురు గురించి రెండు మూడు మాటలు. మధుపర్కాలు తెల్లనివి, ఎదుట ఎల్ఈడీ లైట్లు ఉంటే నేత కనబడకుండా తెల్లటి మచ్చలాగా తేలిపోతాయి. వాటిని కట్టుకుని వచ్చినప్పుడు ఎక్స్‌పోజరు, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, కొంచెం తగ్గించుకోవాలి. పెళ్ళికూతురి ముఖాన పసుపు ఉంటుంది. రంగులను సరిదిద్దే వైట్ బ్యాలెన్సును ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ పసుపును దోషమనుకుని దిద్దుతుంది, అమ్మాయి ముఖం పాలిపోయినట్టు వస్తుంది. పసుపును తప్పుగా చూసే యంత్రానికి మన ఇంటి ఆచారం ఎలా తెలుస్తుంది? వెలుతురు రంగును చెప్పే కెల్విన్ విలువను మీరే పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జులది, కనుక చౌకరకం ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టరు వేగం దానితో పొత్తు కుదరకపోతే ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి. సెకనులో 50వ వంతు గాని, 100వ వంతు గాని పెడితే చాలావరకు పోతాయి. ఎల్ఈడీ స్క్రీనుల లెక్క వేరు, వాటిని ముందుగా నాలుగు వేగాల దగ్గర పరీక్షించి చూసుకోవలసిందే. హోమం దగ్గర ఫ్లాష్‌ను ఎదురుగా కొడితే పొగ తెల్లటి గోడ అవుతుంది, పక్క నుంచి వెలుతురు వస్తే అదే పొగ అందంగా ఉంటుంది.

ఇక కెమెరా. మెమరీ కార్డులు రెండు పట్టే కెమెరా అయి ఉండాలి, ఒకే ఫొటో రెండింటిలోనూ పడేలా పెట్టుకోవాలి. దీనికి మినహాయింపు లేదు. లెన్సులలో 24-70 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8ది ఒకటి, 85 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8ది ఒకటి ఉంటే పెళ్ళి మొత్తం తీయవచ్చు. రెండవ కెమెరాను వెంటనే కొనకండి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ రోజు అద్దెకు ఇచ్చేవారున్నారు, మొదటి ఏడాది అద్దెతో గడపండి. అప్పు తప్పదనుకుంటే వడ్డీ వ్యాపారి దగ్గరకు పోయేముందు బ్యాంకులో ముద్ర రుణం గురించి అడగండి. 2015లో మొదలైన ఆ పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు, ఎవరైనా మధ్యలో డబ్బు అడిగితే ఇవ్వకండి.

కెమెరా ఎంత అని అడిగేవారెవరూ ఆ తరువాత "ఏడాదికి ఎంత మిగులుతుంది?" అని అడగరు. ఆ ప్రశ్న మిమ్మల్ని మీరే అడగాలి. నా దగ్గరకు నేర్చుకోవడానికి వచ్చిన ఒక అబ్బాయికి వేసి చూపించిన లెక్కనే ఇక్కడా చెబుతాను. రెండు రోజుల పెళ్ళికి 70,000 రూపాయలకు ఆర్డరు ఒప్పుకున్నాడనుకుందాం. తోడుగా వచ్చే ఫొటోగ్రాఫరుకు 8,000, వీడియో తీసినవారికి 8,000, ఎడిటింగుకు 7,000, రెండు ఆల్బమ్‌లకు డిజైనుతో కలిపి 16,000, ప్రయాణం, భోజనాలకు 4,000, హార్డ్‌డిస్కుకు 2,000. ఇదంతా 45,000. మిగిలింది 25,000. అయితే 3 లక్షలు పెట్టి కొన్న సరంజామా నాలుగేళ్ళు, ఏడాదికి 25 పెళ్ళిళ్ళ చొప్పున 100 పెళ్ళిళ్ళకు వస్తుందనుకుంటే, ఒక్కొక్క పెళ్ళి మీద 3,000 అరుగుదల పడుతుంది. అది తీసేస్తే 22,000. ఏడాదికి 5,50,000. నెలకు 8,000 అద్దె ఉన్న చిన్న దుకాణానికి 96,000 పోతే 4,54,000 మిగులుతుంది. ఇది చెడ్డ సంపాదన కాదు, కాని 70,000 చేతికి రాగానే అదంతా తనదే అనుకున్న కుర్రవాడు మూడవ ఏట ఆల్బమ్ ముద్రించిన ల్యాబుకు బాకీ పడతాడు. మరొక మాట, ఈ లెక్కలో 25 పెళ్ళిళ్ళకు వచ్చే మొత్తం 17,50,000. అదే 29 పెళ్ళిళ్ళయితే 20 లక్షలు దాటుతుంది, అప్పుడు జీఎస్టీ నమోదు తప్పనిసరి, ఫొటోగ్రఫీ సేవ మీద పన్ను 18 శాతం. చూసేది మీకు మిగిలిన సొమ్మును కాదు, మీరు అందుకున్న మొత్తాన్ని. ఆ గీత దాటబోతున్నామని తెలిసిన సంవత్సరంలో ధర చెప్పేటప్పుడే పన్నును కలిపి చెప్పాలి. తరువాత అడిగితే ఏ పెళ్ళివారూ ఇవ్వరు.

ఈ 25 పెళ్ళిళ్ళు ఏడాది పొడవునా సమంగా రావు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ, వాటికి తోడు మూఢం వస్తే ఆ రోజులూ ఖాళీ. మంచి ముహూర్తం ఉన్న రోజున మాత్రం కావలిలోనూ, ఆత్మకూరులోనూ, సింగరాయకొండలోనూ ఒకే వేళకు పెళ్ళి. రెండు ఒప్పుకుని ఒకదానికి పిల్లవాణ్ణి పంపే అలవాటు చేసుకోకండి. మన ప్రాంతానికి ఇంకొక లెక్క కూడా ఉంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో పొగాకు బేళ్ళకు ధర పలికిన ఏడు ఆ పల్లెల్లో పెళ్ళిళ్ళు ఘనంగా జరుగుతాయి. తీర మండలాల్లో రొయ్య ధర పడిపోతే, ఒప్పుకున్న ఆర్డరు నుంచే "డ్రోను వద్దులే, రెండో ఆల్బమ్ వద్దులే" అని తగ్గించుకుంటూ వస్తారు. వారిని తప్పు పట్టలేము. కాని మీరు ఆ తగ్గింపు ఎప్పటి వరకు కుదురుతుందో ముందే చెప్పి ఉండాలి. కార్తీకం పెళ్ళిళ్ళకు మరొక ప్రశ్న, వానొస్తే ఎక్కడ? మనకు వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఆరుబయట వేదిక వేస్తున్నారంటే, లోపలి హాలును కూడా ముందు రోజే చూసి రండి.

ఇప్పుడు ఒప్పంద కాగితం. తెలిసినవాళ్ళే కదా, కాగితం దేనికి అనే మొహమాటం మన దగ్గర ఎక్కువ. నా అనుభవంలో తెలిసినవాళ్ళ దగ్గరే కాగితం ఎక్కువ అవసరం. ఆర్డరు రోజున 30 శాతం, ముహూర్తానికి ముందు 50 శాతం, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు 20 శాతం అన్నది నా పద్ధతి. చిక్కంతా చివరి 20 శాతం దగ్గరే వస్తుంది. ఎందుకంటే 4,000 ఫొటోల్లోంచి 300 ఎంచుకోవడం పెళ్ళివారికి కష్టమైన పని. అమ్మాయి అమెరికాలో, అత్తగారు ఒంగోలులో, ఎవరు ఎంచాలో తేలదు, ఈలోపు శ్రీమంతం కూడా వచ్చేస్తుంది. అందుకని "45 రోజుల్లో ఎంపిక చేయకపోతే స్టూడియోవారే ఎంచి ఆల్బమ్ వేస్తారు" అన్న వాక్యం నా కాగితంలో ఉంటుంది. ఆ వాక్యాన్ని నేను ఇంతవరకు రెండుసార్లే వాడాను. అది ఉన్నదన్న సంగతే మిగిలినవారి చేత పని చేయించింది.

అదే కాగితంలో ఉండవలసిన మరొక వాక్యం గురించి మీలో చాలామందికి తెలిసి ఉండదు. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే. వీడియోకూ అంతే. కెమెరా మనది, కష్టం మనది, కాబట్టి ఫొటో మనదే అనుకుని వారి అనుమతి లేకుండా మన ప్రచారానికి వాడుకోవడం చట్టరీత్యా చెల్లదు, మర్యాద కూడా కాదు. మా దుకాణం అద్దాల్లో ఒక పెళ్ళికూతురి ఫొటో పెద్దది చేసి పెట్టిన రోజుల్లో ఆమె మేనమామ వచ్చి ఒక్క మాట కూడా అనకుండా దాని ముందు నిలబడ్డాడు. నేనే తీసేశాను. ఇప్పుడు ఆర్డరు రోజునే అడుగుతాను, "వీటిలో కొన్ని మా పని చూపించడానికి వాడుకోవచ్చా?" అని. కొందరు సరేనంటారు, కొందరు అమ్మాయి ఫొటోలు వద్దంటారు, అది కాగితం మీదకు ఎక్కుతుంది.

ఇక్కడ అమ్మాయిలు కూడా కూర్చున్నారు కాబట్టి ఒక మాట. పెళ్ళికూతురిని చేసేటప్పుడు, మంగళస్నానాలప్పుడు, అలంకరణ గదిలో మా వంటి మగవాళ్ళం గడప దగ్గరే ఆగిపోతాము. ఆ గదిలో అమ్మమ్మ జడ వేస్తూ చెప్పే మాటలు, పిన్ని చేతిలోని నగల పెట్టె, అద్దంలో అమ్మాయి తనను తాను చూసుకున్న తీరు, ఇవన్నీ ఇరవయ్యేడేళ్ళ నా ఆల్బమ్‌లలో లేవు. మీరు వాటిని తీయగలరు, అందుకు తగిన ధర కూడా అడగగలరు. అయితే రాత్రి ముహూర్తాలకు రానూపోనూ వాహనం, బస ఎవరి బాధ్యత అన్నది కూడా ఆ కాగితంలోనే రాయించుకోండి.

తీసినదాన్ని దాచడం గురించి కొందరు చివర్లో ఆలోచిస్తారు. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో ఒక్కొక్క రా ఫైలు, అంటే కెమెరా కుదించకుండా దాచే అసలు ఫొటో, 30 ఎంబీ అనుకుంటే 4,000 ఫొటోలకు 120 జీబీ అవుతుంది. 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీస్తే గంటకు 45 జీబీ. ఇదంతా రెండు వేర్వేరు డిస్కుల్లో, ఒకటి దుకాణంలో, ఒకటి ఇంట్లో ఉండాలి. రెండూ ఒకే సంచిలో పెట్టుకుని బస్సెక్కితే అవి రెండు ప్రతులు కావు. ఎంతకాలం దాచిపెడతారో కూడా పెళ్ళివారికి చెప్పండి. నేను ఏడాది అని రాస్తాను, మూడేళ్ళు ఉంచుతాను. ఐదేళ్ళ తరువాత వచ్చి అడిగినవారున్నారు.

ప్రీ వెడ్డింగ్ గురించి క్లుప్తంగా చెబుతాను. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో తెల్లవారుజామున సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, సాయంత్రం మన వెనక దిగుతాడు. ఇది తెలియక సాయంకాలం వెళ్ళి నీళ్ళ మీద అస్తమయం కోసం చూసినవారిని చూశాను. ఉదయగిరి కొండ ఎక్కాలంటే చీకటితోనే బయలుదేరాలి, పట్టుచీరతో ఎక్కించకండి. భైరవకోన, పెంచలకోన వంటి చోట్ల దేవస్థానం వారిని అడగకుండా కెమెరా తీయవద్దు. నేలపట్టు పక్షుల రక్షణ కేంద్రంలో పక్షులు గూళ్ళు కట్టుకునే కాలంలో డ్రోను మాట తలపెట్టకండి. డ్రోను విషయానికి వస్తే, 2021 నాటి నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోనును వ్యాపారం కోసం ఎగరవేసేవారికి పైలట్ ధ్రువపత్రం ఉండాలి. ఎక్కడ ఎగరవేయవచ్చో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో డిజిటల్ స్కై మ్యాపులో చూపించారు. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట మనకు దగ్గర. సూళ్ళూరుపేట వైపు ఆర్డరు వస్తే ఆ మ్యాపు చూడకుండా పెళ్ళివారికి డ్రోను మాట ఇవ్వకండి.

నేను వాడే ఒప్పంద కాగితం ప్రతులు యాభై జిరాక్సు తీయించి తెచ్చాను, ఆ బల్ల మీద ఉన్నాయి. పేరు, ముహూర్తం, మండపం వివరాల తరువాత ఆరవ వరుసలో "జనరేటరు చూసే మనిషి ఫోను నంబరు" అని ఒక ఖాళీ ఉంటుంది. దాన్ని చూసి మా అబ్బాయి ఇప్పటికీ నవ్వుతుంటాడు. తీసుకుని చదవండి, మీ ప్రాంతానికి, మీ ధరలకు తగినట్టు మార్చుకోండి. టీ వచ్చేలోపు ఎవరికైనా ఏదైనా అడగాలని ఉంటే అడగండి.